పెరటి చెత్త - ఇంటి ఆరోగ్యం

మన పల్లెల్లో తెల్లవారగానే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లని ఇల్లాలు అరుదు. చాలా మంచి అలవాటు. అయితే ఊడ్చిన ఆ చెత్త ఎక్కడికి వెళ్తున్నది? ఎక్కువ ఇళ్లలో పెరటి కుప్ప మీదికే. పేడ, మిగిలిన అన్నం, క్యారీబ్యాగులు, గాజు పెంకులు, పురుగుమందు డబ్బాలు అన్నీ ఒకే చోట పడుతున్నాయి. మనం వాకిలి చూసి ఇల్లు శుభ్రంగా ఉందనుకుంటాము. జబ్బులు మాత్రం పెరటి దారినే లోపలికి వస్తున్నాయి.

ముందుగా కుళ్లే చెత్తను వేరు చేయండి. పేడ, ఆకులు, కూరగాయల తొక్కలకు గుంట కావాలి. సుమారు 3 అడుగుల లోతున, బావికి, చేతిపంపుకు కనీసం 50 అడుగుల దూరంలో, వాననీరు నిలవని చోట రెండు గుంటలు తవ్వించండి. రోజూ సాయంత్రం చెత్త మీద పలుచగా మట్టి కప్పాలి. కప్పని పెంట మీద ఈగ గుడ్లు పెడితే ఎండాకాలంలో పది రోజులు తిరగకముందే కొత్త ఈగలు లేస్తాయి. అవే పిల్లల కంచాల మీద వాలి విరేచనాలు తెస్తాయి. ఒక గుంట నిండితే మట్టితో మూసి రెండవది వాడండి. 5, 6 నెలల్లో మొదటిది మంచి ఎరువు అవుతుంది. మలినాన్ని పాళెము వెలుపల గుంట తవ్వి కప్పమని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో చదువుతాము. క్రిముల సంగతి ఎవరికీ తెలియని కాలంలో ఇచ్చిన ఆజ్ఞ అది!

మిగిలిన అన్నాన్ని క్యారీబ్యాగులో మూటగట్టి పారేయకండి. గేదె బ్యాగుతో సహా మింగుతుంది.

ఇక అందరూ తేలికగా తీసుకునేది కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు, పాత టైర్లు. వానాకాలంలో జ్వరంతో పిల్లలను తెచ్చిన తల్లులను పెరట్లో ఏమున్నాయని అడిగితే, "ఏమీ లేవు సిస్టరుగారూ, రోజూ ఊడుస్తాం" అంటారు. గోడవారన బోర్లించని చిప్ప ఎవరికీ గుర్తుండదు. డెంగీ దోమకు ఆ గుక్కెడు నీళ్లు చాలు. ఇది మురుగు దోమ కాదు, తేట నీటి దోమ. పగటిపూట కుడుతుంది. గుడ్లను నీటి అంచున, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ వాన పడగానే పిల్లలు లేస్తాయి. అందుకే తొట్లను, పశువుల కుడితి గోలేలను వారానికొకసారి ఒంపడమే కాదు, పీచుతో రుద్ది కడిగి ఆరబెట్టాలి. పనికిరాని వాటిని పగలగొట్టండి, లేదా పంచాయతీ చెత్త బండికి ఇచ్చేయండి. ఒకవేళ డెంగీ వస్తే, జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి. తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ప్లాస్టిక్‌ను కాల్చవద్దు. పొయ్యి రాజేయడానికి కూడా వాడవద్దు. ఆ పొగలో విషవాయువులు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారికి, గర్భిణులకు, పసిబిడ్డలకు అది మరీ హాని. పాలకవర్లు, సీసాలు కడిగి ఆరబెట్టి సంచిలో పోగుచేస్తే పాత సామాన్లవాడైనా తీసుకుంటాడు.

పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా నూనెకు, నీళ్లకు పనికిరాదు. మందు అయిపోగానే మూడుసార్లు కడిగి, ఆ కడుగు నీళ్లు స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడవండి. అప్పుడు ఇంకెవరూ వాడరు.

గాజుపెంకు, తుప్పు మేకు గుచ్చుకుంటే పేడ, కాఫీపొడి అద్దకండి. సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షన్ (ఇదివరకు టీటీ అనేవారు) అవసరమేమో ఆ రోజే అడగండి.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు సూదులను కుప్పలో పారేయకండి. చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటాయి. మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తూ, ముప్పాతిక నిండాక మూత బిగించి, చెకప్‌కు వచ్చేటప్పుడు తెచ్చి ఇంజెక్షన్ గదిలోని సిస్టరుకు ఇవ్వండి.