గాజు పలకలపై వెండితెర

పాత చలనచిత్రాల ప్రచారసామగ్రి అనగానే మనకు గోడపత్రికలు, కరపత్రాలు, పాటల పుస్తకాలు స్ఫురిస్తాయి. వీటి సరసన నిలువదగిన వస్తువు మరొకటి ఉన్నది. అది గాజు స్లైడు. అరచేతిలో ఇమిడే ఈ పలకను యంత్రంలో ఉంచి దీపం వెలిగిస్తే, రాబోయే చిత్రంలోని నాయికానాయకులు తెర నిండుగా వర్ణశోభితులై దర్శనమిచ్చేవారు. చిత్రం నలుపు తెలుపులలోనే ఉన్నప్పటికీ దాని ప్రకటన మాత్రం రంగులలో ఉండేది!

దీని మూలం చలనచిత్రం కంటె ప్రాచీనమైనది. 17వ శతాబ్దిలో, 1659 ప్రాంతాన, హాలెండు దేశీయుడైన హైగన్స్ రూపొందించిన మాయాదీపమే దీనికి ఆధారం. తోలుబొమ్మలాటను తరతరాలుగా చూచిన మనకు ఈ సూత్రం కొత్తది కాదు. పలుచని చర్మానికి రంగులద్ది, వెనుక దీపముంచి, తెరపై రామరావణులను నడిపించిన కళాకారులు మనవారు. అక్కడ తోలు, ఇక్కడ గాజు, అంతే భేదం.

అమెరికాలో 1910 తరువాతి సంవత్సరాలలో ఈ స్లైడ్లు విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. అక్కడి స్లైడు కొలత 3¼ అంగుళాల ఎత్తు, 4 అంగుళాల వెడల్పు. ఒక గాజు పలకపై ఛాయాచిత్రాన్ని ముద్రించి, పారదర్శకమైన రంగులను సన్నని కుంచెతో చేతితోనే అద్దేవారు. దానిమీద రక్షణకై మరొక గాజును ఉంచి, నాలుగంచులకూ జిగురు కాగితపు పట్టీ అంటించేవారు. చాలా స్లైడ్లలో ఒక మూల కొంత జాగాను ఖాళీగా విడిచేవారు. చిత్రం ఏ రోజున వస్తుందో ఆ ప్రదర్శనశాలవారు అక్కడ వ్రాసుకొనేవారు. సంగ్రాహకునికి ఆ చేతివ్రాతయే అన్నిటికంటె విలువైనదని నా అభిప్రాయం. అచ్చయిన అక్షరాలు ఏ ఊరిలోనైనా ఒకటే. ఆ చేతివ్రాత మాత్రం ఒకే ఊరిది, ఒకే వారానిది.

ఈ పలకలను సేకరించడం కేవలం వినోదం కాదు. నాటి ఫిల్ము నైట్రేటు పదార్థంతో తయారయ్యేది. అది సులభంగా అంటుకొంటుంది, కాలక్రమాన తనంత తానే శిథిలమవుతుంది. 1937లో న్యూజెర్సీ రాష్ట్రంలోని లిటిల్ ఫెర్రీ వద్ద ఫాక్స్ సంస్థ గిడ్డంగి దగ్ధమై అసంఖ్యాకమైన మూగచిత్రాలు బూడిదయ్యాయి. మరికొన్నిటిని ఫిల్ములోని వెండికోసం కరిగించారు. 1912-1929 మధ్య అమెరికాలో వెలువడిన సుమారు 11 వేల పూర్తి నిడివి మూగచిత్రాలలో, మూలరూపంలో సంపూర్ణంగా దక్కినవి నూటికి 14 మాత్రమేనని అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో ప్రకటించింది. ఇట్టి చిత్రాలలో కొన్నిటికి గాజు స్లైడు వంటి ప్రచార శకలాలే నేడు సాక్ష్యాలు.

మన స్థితి ఇంతకంటె మెరుగైనది కాదు. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మప్రతిజ్ఞ' నేడు లభ్యం కాదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' కూడ అంతే. అందువల్లనే 2021లో వెలువడిన ఒక వార్త సాహిత్య విద్యార్థులకు సైతం గమనింపదగినదైనది. 1930 దశకం మొదలు 1950 దశకం నడిమి వరకు గల తెలుగు చిత్రాలకు సంబంధించిన 450కి పైగా గాజు స్లైడ్లను పుణేలోని జాతీయ చలనచిత్ర భాండాగారం సేకరించింది. తాటాకు ప్రతులను ఊరూర వెదకించి తెప్పించిన బ్రౌను దొర ఉదంతం తెలిసినవారికి దీని ప్రాముఖ్యాన్ని వేరుగా చెప్పనవసరం లేదు.

స్లైడును చదవడం ఒక విద్య. నటీనటుల పేర్లు ఏ వరుసలో ఉన్నవి? సంస్థ చిహ్నమేది? దర్శకుని పేరు ఉన్నదా, లేదా? భాష గ్రాంథికమా, వ్యావహారికమా? నాటి ప్రేక్షకుడు దేనికి ఆకర్షితుడయ్యేవాడో వీటివల్ల ఊహింపవచ్చు. అయితే పలకలను పెట్టెనుండి వేరుచేసి విడివిడిగా అమ్మే అలవాటు ఈ విద్యకు గొడ్డలిపెట్టు. పెట్టెపై ఉన్న ప్రదర్శనశాల పేరు పోతే, ఆ స్లైడు ఏ ఊరిదో చెప్పగల ఆధారం పోయినట్లే.

భద్రపరచడంలోనూ మెలకువ అవసరం. మురికిగా ఉన్నదని నీటితో కడిగితే బొమ్మను నిలిపి ఉంచిన జెలటిన్ పొర ఉబ్బి ఊడివస్తుంది. దానితోపాటు రంగులూ పోతాయి. తేమ తగిలితే బూజు పట్టుతుంది. పలకను అంచులతోనే పట్టుకోవాలి. ఒకదానిపై ఒకటి పేర్చక, గళ్ళున్న పెట్టెలో నిలువుగా అమర్చాలి. పగిలినంతమాత్రాన పారవేయరాదు. తరచుగా పగిలేది పైనున్న రక్షణ గాజు మాత్రమే. నిపుణుడు అంచుపట్టీని విప్పి దానిని మార్చగలడు. లోపలి బొమ్మ చెక్కుచెదరకుండా ఉండవచ్చు.