ఖాతాదారుల లెక్క: కంపెనీ ప్రకటనలు చదివే తీరు

వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థిని ఆస్తి అంటే యేమిటి, అప్పు అంటే యేమిటి అని అడిగితే నిర్వచనం ఠక్కున చెబుతాడు. ఖాతాదారుడంటే ఎవరని అడిగితే మాత్రం కాస్త తడుముకుంటాడు. అది అతని లోపం కాదు. ఆ మాటకు అందరూ ఒప్పుకున్న నిర్వచనం యేదీ లేదు. అయినా మూడునెలలకొకసారి కంపెనీలు తమ ఫలితాలతోపాటు "మాకు యింతమంది ఖాతాదారులు" అని ప్రకటిస్తూనే వుంటాయి. ఆ అంకెను చూసి వాటాలు కొనేవాళ్ళు కొంటూనే వుంటారు. కావున ఆ అంకెను ఎలా చదవాలో తెలుసుకోవడం అవసరం.

ముందుగా మనకు బాగా తెలిసిన లెక్కతో మొదలుపెడదాం. తిరుమలలో రోజూ దర్శనం చేసుకున్నవారెందరో, తలనీలాలు సమర్పించినవారెందరో దేవస్థానంవారు విడివిడిగా ప్రకటిస్తారు. ఒక యాత్రికుడు ఒకేరోజు రెండుమార్లు దర్శనం చేసుకున్నాడనుకోండి. దర్శనాలు రెండు, మనిషి ఒక్కడే. ఏ లెక్క దేనిదో చెప్పినంతవరకు చిక్కులేదు. ఒకదాని స్థానంలో మరొకటి చెబితేనే చిక్కు.

వ్యాపారంలోనూ అంతే. ఒక పాల అంగడి పుస్తకంలో 300 యిళ్ళ పేర్లున్నాయనుకుందాం. వారిలో యీ నెల పాలు పోయించుకున్నవి 220. డబ్బు చెల్లించినవి 180. అంగడివాడు మూడింటిలో యేది చెప్పినా అబద్ధం కాదు. కాని అంగడిని కొనబోయేవాడికి 300 అని, పన్ను వేసేవాడికి 180 అని చెబితే మాత్రం అనుమానించవలసిందే.

నిర్వచనం మారితే

దీనికి పెద్ద ఉదాహరణ మొబైల్ ఫోన్ల రంగంలో వుంది. 2018 డిసెంబరు 31 నాటికి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కలో ఎయిర్‌టెల్ మొబైల్ ఖాతాదారులు సుమారు 34 కోట్లు. అదే తేదీకి ఆ కంపెనీ తన వాటాదారులకిచ్చిన త్రైమాసిక నివేదికలో సుమారు 28.4 కోట్లు. తేడా ఐదున్నర కోట్లకు పైమాటే. 2011 జనగణన ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభా దాదాపు 5 కోట్లు. అంటే ఒక రాష్ట్రమంత జనం ఒక కాగితంలో వున్నారు, రెండో కాగితంలో లేరు!

ఇందులో మోసమేమీ లేదు. ఆ కాలంలో కంపెనీ నెలకు కనీస రీఛార్జి వుండాలన్న పద్ధతి తెచ్చింది. డబ్బు కట్టకుండా సిమ్ము మాత్రం వుంచుకున్నవాళ్ళను తన లెక్కనుంచి తీసివేసి, నిర్వచనం మార్చింది. ఇద్దరూ లెక్కించినది వేరువేరు వస్తువులను. ట్రాయ్ కూడా తన నెలవారీ నివేదికల్లో మొత్తం కనెక్షన్లను, వాస్తవంగా నెట్‌వర్కులో పనిచేస్తున్నవాటిని విడివిడిగా చూపుతుంది. జేబులో రెండు సిమ్ములు పెట్టుకు తిరిగే మన విద్యార్థి మొదటి లెక్కలో యిద్దరు మనుషులన్నమాట!

ఖాతాదారుడే లేకపోతే

రెండో ఉదాహరణ తెలుగువారికి మరపురానిది. 1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్, అరవైకి పైగా దేశాల్లో ఆరువందలకు పైగా ఖాతాదారులున్నారని చెప్పుకుంటూ వచ్చింది. 2009 జనవరి 7న అధ్యక్షుడు బి. రామలింగరాజు స్వయంగా లేఖ రాసి, లెక్కలు పెంచి చూపామని ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి ప్రకటించిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు. అసలుది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లన్నది నిజానికి 61 కోట్లే. పుస్తకాల్లో వున్న నగదులో 5,040 కోట్లు లేనేలేదు.

లేని ఆదాయానికి ఎవరో ఒకరు చెల్లించినట్టు చూపాలి గదా! 7,561 దొంగ బిల్లులు, వాటి విలువ 5,117 కోట్లు అని సెబీ దర్యాప్తు తేల్చింది. అసలు లేని 7 సంస్థలను ఖాతాదారులుగా చూపారని సి.బి.ఐ. ఆరోపించింది. బిల్లుల కంప్యూటరులో 'హెచ్' అన్న గుర్తు పెట్టిన బిల్లులు, ఖాతాదారులతో నేరుగా వ్యవహరించే ఉద్యోగుల కంటపడవు; ఆదాయపు లెక్కలో మాత్రం కలుస్తాయి. ఒకే కంపెనీలో రెండు లెక్కలు! ఆ జనవరి 7న బొంబాయి మార్కెట్టులో వాటా ధర దాదాపు 179 రూపాయలనుంచి 39.95కు పడిపోయింది. జీతంలో మిగిల్చిన డబ్బుతో వాటాలు కొన్న చిన్నవాళ్ళు ఒక్కరోజులో నష్టపోయారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా 10 మందిని దోషులుగా నిర్ణయించింది. వారు అప్పీలుకు వెళ్ళారు.

అడగవలసిన ప్రశ్నలు

మొదటి ఉదాహరణలో నిర్వచనం మారింది, రెండోదానిలో నిజమే మారింది. బయటినుంచి చూసేవాడికి మాత్రం రెండూ అంకెలుగానే కనిపిస్తాయి. కావున యే ప్రకటన చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఎవరిని ఖాతాదారుడంటున్నారు? పేరున్నవాడినా, వాడుకున్నవాడినా, చెల్లించినవాడినా?

2. ఏ తేదీకి చెబుతున్నారు? పోయినసారి యిచ్చిన నిర్వచనమే యిప్పుడూ వుందా?

3. ఇదే అంకెను మరొకచోట, అంటే ప్రభుత్వసంస్థకో, పత్రికలకో, వార్షిక నివేదికలోనో వేరుగా చెప్పారా?

4. ఖాతాదారులు పెరిగినంతగా ఆదాయం, వసూలైన నగదు పెరిగాయా?

నాలుగోది ముఖ్యం. "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావులేదు" అన్న సామెత యిక్కడ సరిగ్గా సరిపోతుంది. ఖాతాదారులు కోట్లలో వుండి చేతికి డబ్బు రాకపోతే ఆ చుట్టరికం దేనికి?

ఇంకొక సంగతి. ఆడిటరు సంతకం చేసేది ఆర్థిక పట్టికలపైన. పత్రికా ప్రకటనలోని ఖాతాదారుల సంఖ్య మామూలుగా ఆ సంతకం పరిధిలోకి రాదు. ప్రజలకు మొదటిసారి వాటాలమ్మే కంపెనీలు తమ ముఖ్య కొలమానాలను నిర్వచించి, ధ్రువీకరింపజేసి చూపాలని 2022లో సెబీ నియమం తెచ్చింది. మంచిదే. కాని నియమం వున్నంతమాత్రాన చదివేవాడి బాధ్యత తీరదు.

షేర్‌మార్కెట్టు బొంబాయి వ్యవహారమని మనం అనుకోనక్కరలేదు. మన తిరుపతి పక్కన కరకంబాడిలో ఫ్యాక్టరీ వున్న అమరరాజా వాటాలు కూడా ఆ మార్కెట్టులోనే అమ్ముడవుతాయి. పైగా మన కళాశాలనుంచి ప్రతియేటా బయటికి వెళ్ళే పట్టభద్రుల్లో కొందరు రేపు ఆడిటర్లవుతారు, కొందరు కంపెనీల్లో ఆ ప్రకటనలు రాసే బల్లల దగ్గరే కూర్చుంటారు. "ఈ అంకెలో ఎవరున్నారు?" అన్న ప్రశ్న ఆ బల్ల దగ్గర ఒక్కరు అడిగినా చాలు, ఎక్కడో ఒక చిన్న ఉద్యోగి దాచుకున్న డబ్బు నిలుస్తుంది.