మృగశిరకు ముందు: సేద్యపు కుటుంబమునకు వేసవి పాఠము

హైదరాబాదు నగరమునకు ఈశాన్య దిశగా మౌలాలి గుట్ట కలదు. ఒకే నల్లరాతి బండ ఆకాశమును తాకుచున్నట్లు నిలిచియుండును. దాని శిఖరమున కుతుబ్ షాహీల కాలమునాటి దర్గా ఉన్నది. నేడు ఆ గుట్టపై నుండి చూచినచో రైలు పట్టాలు, కర్మాగారములు, కాలనీలు, నైరుతి దిక్కున తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కానవచ్చును. ఒకనాడు ఈ చుట్టుప్రక్కల చల్క నేలలు, చెరువుల క్రింది మాగాణులు, మామిడి తోటలు, సీతాఫలపు పొదలు ఉండెడివి. సీతాఫల్‌మండి అను పేరు నేటికిని ఆ సంగతిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. నగరము పెరిగినది, సేద్యము కీసర, ఘటకేసరు, శామీర్‌పేట దిక్కులకు జరిగిపోయినది. అయినను ఆ రాయి కరిగి ఏర్పడిన ఎర్రనేల అదే. వేసవి ఎండ అదే. ఆ ఎండలో రైతు కుటుంబము చేయవలసిన పనులును అవియే.

వేసవి రైతునకు విశ్రాంతి కాలమని పలువురు తలంతురు. అది సరికాదు. వానాకాలపు పంట వానలో పండునని మనమనుకొందుము గాని, అది సగము వేసవిలోనే పండును. చైత్ర వైశాఖములలో చేయక విడిచిన పనిని ఆషాఢములో ఎంత ధనము వెచ్చించినను తిరిగి చేయలేము.

మన పాఠమునకై ఒక కుటుంబమును ఊహించుకొందము. వారికి ఐదెకరముల చల్క, చెరువు క్రింద ఒక ఎకరము మాగాణి, ఒక జత ఎద్దులు, రెండు గేదెలు కలవు. ఇంట భార్యాభర్తలు, వృద్ధురాలైన తల్లి, బడికి పోవు ఇద్దరు పిల్లలు. వీరి వేసవి ఎట్లు గడువవలెనో చూతము.

కార్తెల లెక్క

మన పెద్దలు ఏడాదిని కార్తెలుగా విభజించిరి. ఏప్రిల్ 14 ప్రాంతమున అశ్వని ప్రవేశించును. తరువాత భరణి, మే 11 ప్రాంతమున కృత్తిక, మే 25 ప్రాంతమున రోహిణి వచ్చును. రోహిణి ఎండకు రోళ్లు పగులునని సామెత. జూన్ 8 నాటికి మృగశిర ప్రవేశించును. ఇంచుమించుగా ఆ వారములోనే నైరుతి ఋతుపవనము తెలంగాణమునకు చేరును. కనుక అశ్వని మొదలు రోహిణి చివరివరకు ఉన్న ఎనిమిది వారములే మన పని దినములు. ఇందు మొదటి నాలుగు వారములు నేలకు, ఎరువునకు. తరువాతి నాలుగు వారములు విత్తనమునకు, పశువులకు, ఇంటికి కేటాయించుకొన్నచో తొందర ఉండదు.

వేసవి దుక్కి

చైత్ర వైశాఖములలో ఒకటి రెండు మామిడి జల్లులు పడుట కలదు. ఆ తడి ఆరకముందే నాగలి కట్టవలెను. అది తప్పినచో చల్క నేల రాయివలె బిగిసి, ఎద్దులు కొట్టుకొనుటయే గాని కర్రు దిగదు. ట్రాక్టరు ఉన్నవారును ఈ అదను కొరకే వేచియుండుట మేలు.

దుక్కి వాలునకు అడ్డముగా సాగవలెను. వాలు వెంబడి దున్నినచో ప్రతి చాలును ఒక కాలువయై, తొలి వానకే పైమట్టిని చెరువునకు చేర్చును. అడ్డముగా దున్నిన చేనిలో ప్రతి చాలును ఒక చిన్న కట్టవలె నీటిని ఆపును. దున్నిన తరువాత పెళ్లలను చితుకగొట్టరాదు. పెళ్లల నడుమ వాన నీరు ఇంకును. మెత్తని పొడి నేలపై నీరు పొరకట్టి పారిపోవును. గుంటక పని విత్తుటకు ముందే చాలును.

ఈ దుక్కివలన మరియొక ప్రయోజనము కలదు. గరిక, తుంగ వంటి మొండి కలుపుల వేళ్లు, గడ్డలు పైకి వచ్చి ఎండలో మాడును. ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశలో చల్క నేలలోనే దాగియుండి, తొలకరి వానలకు రెక్కల పురుగై వెలువడి ఆముదము, వేరుసెనగ, జొన్న పైరులను నాశనము చేయును. దుక్కిలో ఆ కోశములు పైకి తేలగా కాకులు, కొంగలు, మైనలు ఏరుకొని తినును. మందు కొనకయే జరుగు సస్యరక్షణ ఇది.

దుక్కికి ముందుగా మట్టి పరీక్షకు నమూనా తీసికొనవలెను. చేనిలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళముల లోతున ఆంగ్లపు 'వి' అక్షరము వలె గుంత తీసి, ప్రక్కమట్టిని పైనుండి క్రిందివరకు గీకి, అన్నిటిని కలిపి, అర కిలో మాత్రము సంచిలో పంపవలెను. గట్లపైన, చెట్ల క్రింద, పెంటకుప్పలు వేసిన చోట తీసిన మట్టి నిజము చెప్పదు.

చెరువు మట్టి

చల్క నేలలో ఇసుక హెచ్చు, బంక తక్కువ. అందుచే తడి నిలువదు. చెరువు అడుగున చేరు ఒండ్రు మట్టి ఈ లోపమును తీర్చును. అది మన చేలనుండి కొట్టుకొనిపోయిన పైమట్టియే. దానిని తిరిగి చేనికి చేర్చుట పోయిన సొత్తును ఇంటికి తెచ్చుకొనుట వంటిది. చెరువునకును మేలే, పూడిక తీసినంత లోతున నీరు నిలుచును. తెలంగాణ రాష్ట్రములో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకములో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించిరి. పూడిక మట్టిని రైతులే తమ ఖర్చుతో చేలకు తోలుకొనిరి.

ఎంత మట్టి తోలవలెను? ఇచట లెక్క తెలిసియుండుట మంచిది. ఎకరము 43,560 చదరపు అడుగులు. దానిపై ఒక్క అంగుళము మందము మట్టి పరచుటకు 3,630 ఘనపుటడుగుల మట్టి కావలెను. నూరు ఘనపుటడుగులు పట్టు ట్రాక్టరు తొట్టి అయినచో 36 తడవలు తిరుగవలెను. ఐదెకరములకు ఒకే ఏట తోలుట ఏ కుటుంబమునకును సాధ్యము కాదు. కనుక ఏటా ఒక ఎకరము చొప్పున తోలినచో ఐదేండ్లలో చేనంతయు తిరిగివచ్చును. అప్పుచేసి ఒకేసారి తోలించుకొన్నవాడు పంటతో ఆ వడ్డీ తీర్చలేక చిక్కుపడును.

ఒక్క జాగ్రత్త: చౌడు తేలిన మట్టిని తేరాదు. మట్టి ఆరిన తరువాత తెల్లని పొర కానవచ్చినచో దానిని పరీక్ష చేయించనిదే చేనిలో వేయరాదు. తోలిన మట్టిని కుప్పలుగా విడువక పరచి, దుక్కిలో కలుపవలెను.

పెంట గుంత

మన ఊళ్లలో పెంటను ఇంటి ముందర కుప్పగా పోయుట వాడుక. ఎండకు సారము ఎగిరిపోవును, వానకు కొట్టుకొనిపోవును. చివరకు చేనికి చేరునది పీచు మాత్రమే. చెట్టునీడన మూడడుగుల లోతు గుంత తీసి, పేడ, చెత్త, బూడిద, పశువుల మూత్రముతో తడిసిన గడ్డి పొరలుగా నింపి, పైన మట్టి కప్పవలెను. మూత్రములోని నత్రజని పేడలో కంటె హెచ్చు. కొట్టములో గడ్డి, రంపపు పొట్టు పరచి దానిని పీల్చుకొన్నచో ఎరువు బలము పెరుగును.

చివికిన ఎరువును చేనికి ఎప్పుడు తోలవలెను? చాలమంది మే నెల మొదటనే తోలి, చిన్న కుప్పలుగా చేనంతట పెట్టి, వాన వచ్చువరకు విడుతురు. అంత తొందర తగదు. రోహిణి చివర తోలి, పరచి, ఆనాడే దున్ని కలుపుట ఉత్తమము.

విత్తనము

ఇంటి విత్తనమైనను, కొన్న విత్తనమైనను మొలక చూడనిదే విత్తరాదు. నూరు గింజలు లెక్కించి తడి గోనెగుడ్డలో వరుసగా పేర్చి, చుట్టి, నీడన ఉంచి, ఆరిపోకుండ తడుపుచుండవలెను. వారము గడచిన తరువాత మొలకలు లెక్కింపవలెను. వరికి 80, జొన్నకు 75, కందికి 75 మొలకెత్తినచో మంచి విత్తనమే. అంతకు తగ్గినచో విత్తన మోతాదు పెంచవలెను. మరీ తగ్గినచో వేరు విత్తనము వెదకవలెను. ఈ పని పిల్లలకు అప్పగింపుడు. వారు లెక్క నేర్తురు, ఇంటికి మేలు చేయుదురు.

వేరుసెనగ విత్తనమును కాయగానే ఉంచి, విత్తు దినములలో మాత్రమే ఒలువవలెను. గింజలను బాగుగా ఎండబెట్టి, చల్లారిన తరువాతనే గుమ్మిలోనో సంచిలోనో పోయవలెను. వేడిమీద పోసినచో చెమ్మ పట్టి బూజు వచ్చును. కొన్న విత్తనమునకు రసీదును, సంచిపైని చీటిని పంట ఇల్లు చేరువరకు దాచియుంచుడు. విత్తనము మోసగించిననాడు మీ మాటకు సాక్ష్యము ఆ చీటి ఒక్కటే.

తొలి జల్లుకే తొందరపడి విత్తుట మరియొక నష్టము. తేలిక నేలలలో 50 నుండి 60 మిల్లీమీటర్ల వాన పడి, నేల జానెడు లోతు తడిసిన తరువాతనే విత్తవలెను. మృగశిర వచ్చినంత మాత్రమున వాన వచ్చినట్లు కాదు. ఎండిన మొలకతో విత్తనపు ఖర్చు, కూలి ఖర్చు, ఒక్కొక్కప్పుడు అప్పు కూడ నేలపాలగును.

పశువులు

ఎద్దు లేని ఇల్లు నేడు చాల ఉన్నవి.  వేసవిలో గేదెకు ఎండ పడదు. దాని చర్మము నల్లనిది, చెమట తక్కువ. మిట్టమధ్యాహ్నము నీడన కట్టి, దినమునకు మూడు నాలుగు మారులు నీరు పెట్టి, వీలైనచో ఒకటి రెండు మారులు ఒంటిపై నీరు చల్లినచో పాలు తగ్గవు. మేతకు ప్రొద్దుననే, సాయంకాలమే తోలవలెను.

పచ్చిమేత లేని దినములలో వరిగడ్డి బలము చాలదు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరపొరకు సమముగా చల్లి, గట్టిగా త్రొక్కి, గాలి చొరకుండ కప్పి మూడు వారములు ఉంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరు మాసములు నిండని దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా కలిపిన నీటిని పశువు త్రాగినచో ప్రాణాపాయము. ఆ పాత్రలను వెంటనే కడిగివేయవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. జొన్న కోసిన చేలలో మోళ్లు మిగులును. మామిడి జల్లు పడగానే వాటినుండి లేత పిలకలు వచ్చును. చుట్టును ఎండిన నేల, నడుమ ఆ పచ్చదనము. ఆకలిగొన్న పశువు పరుగున పోయి మేయును. ఆ లేత పిలకలలో సైనైడు విషము ఉండును. పశువు వగర్చి, నురుగు కక్కి, కూలి, గంటలోపుననే చనిపోవుటయు కలదు. ఏండ్లతరబడి కూడబెట్టిన ధనముతో కొన్న గేదె ఒక్క మధ్యాహ్నములో పోవును. కావున జొన్న మోళ్లను వేసవి దుక్కిలో పెకలించుడు. నీరు చాలక గిడసబారిన లేత జొన్నను కోసి మేపకుడు. పూత వచ్చిన తరువాతనే కోయుడు. పశువు మేసినట్లు తెలిసిన క్షణముననే పశువైద్యుని పిలిపింపుడు. దీనికి సూదిమందు కలదు. ఆలస్యము చేసినచో ఏ మందును పనిచేయదు.

వానలకు ముందుగా గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించుట మరువరాదు. వ్యాధి వచ్చిన తరువాత టీకా పనికిరాదు.

ఇల్లు, వంట, ఆరోగ్యము

వేసవిలో ఇంటి ఆడవారి పని మగవారి పనికంటె తక్కువ కాదు. మిరపకాయలు ఎండబెట్టుట, చింతపండు గింజ తీయుట, మామిడి తొక్కు పెట్టుట, వడియములు, పప్పులు ఏడాదికి సరిపడ సిద్ధపరచుట, వానలకు ముందు వంటచెరకు చేర్చుట వీరి బాధ్యత. దీనికి తోడు నీరు మోయుట. ఇంటి కప్పు సరిచేయు పని, నీరు తెచ్చు పని మగవారు పంచుకొన్నచో ఇల్లు చల్లగా నుండును.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. కేవలము జొన్నన్నముపై ఆధారపడిన పేదలకు పెల్లాగ్రా అను వ్యాధి వచ్చుటను ఇచటి శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఇందువలన జొన్న చెడ్డదని అర్థము కాదు. జొన్నరొట్టె, గటక వంటివాటితో పప్పు, ఆకుకూర, పల్లీలు, మజ్జిగ కలిసియుండవలెనని అర్థము. పెరటి మునగాకు, పండిన మామిడి, బొప్పాయి పిల్లల కన్నులకు మేలు చేయును.

ఎండ విషయము తేలికగా తీసికొనరాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశమున రెండువేల మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. పొలము పని తెల్లవారకముందే మొదలిడి పదకొండు గంటలకు ముగింపుడు. నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి త్రాగింపుడు. చెంచా చిన్నది, కొలత సమతలముగా ఉండవలెను. ఒళ్లు కాలి, మాట తడబడి, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. అట్టివారికి నోట నీరు పోయరాదు. నీడకు చేర్చి, ఒంటిపై తడిగుడ్డలు కప్పి, విసరుచు, 108 వాహనమును పిలువవలెను.

పిల్లలకు ఇవి సెలవు దినములు. ప్రొద్దుట రెండు గంటలు ఇంటి పనిలో చేయి కలుపుట వారికి విద్యయే. కాని జూన్ నెలలో బడి తెరచిన నాడు వారు బడిలోనే ఉండవలెను, చేనిలో కాదు.

ముగింపు

రోహిణి చివరి దినమున మన కుటుంబము లెక్క చూచుకొన్నదనుకొందము. చేను అడ్డముగా దున్నబడియున్నది. ఒక ఎకరమునకు చెరువు మట్టి చేరినది. ఎరువు కలిసినది. విత్తనము మొలక తేలినది. గేదెలకు టీకా పడినది. ఇంట తొక్కు జాడీ నిండినది. ఇప్పుడు మేఘము ఎటునుండి వచ్చినను వారికి భయము లేదు. వాన మన చేతిలోనిది కాదు. వానకు సిద్ధముగా ఉండుట మన చేతిలోనిదే.

పఠన మందిరములో చర్చించుటకు ప్రశ్నలు:

1. మీ చేనిలో దుక్కి వాలునకు అడ్డముగా సాగుచున్నదా? లేనిచో కారణమేమి?

2. రెండెకరములకు అర అంగుళము మందమున చెరువు మట్టి పరచుటకు నూరు ఘనపుటడుగుల తొట్టి ఎన్ని తడవలు తిరుగవలెను?

3. లేత జొన్న పిలకలు మేసి పశువులు చచ్చుట మీ ఊరిలో జరిగినదా? మరల జరుగకుండ ఊరివారు కలిసి ఏమి చేయగలరు?