మేస్త్రి గారి షెడ్డులో నేర్చుకున్నవి

కృష్ణా డెల్టాలో, కాలవ గట్టు పక్కన ఉండేది మా ఊరి మొదటి మోటారు షెడ్డు. దాన్ని పెట్టినాయన్ని ఊరంతా మేస్త్రి గారనే పిలిచేది. 1956లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మా నాన్న నన్ను ఆయన చేతిలో పెట్టాడు. తాటాకు పాక, మధ్యలో మనిషి నిలబడేంత గొయ్యి, చెక్క పెట్టెలో పానాలు. ఉన్నదంతా అదే. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. బొటనవేలు జాగ్రత్త. మొదటి నెల నన్ను పానా ముట్టనివ్వలేదు. హ్యాండిల్ పట్టుకోవడం ఒక్కటే నేర్పారు. అప్పటి బండ్లు చాలావాటికి ముందు నిలబడి హ్యాండిల్ కొడితేగాని ఇంజను లేచేది కాదు. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ తిప్పకూడదు, మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచాలి. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొయ్యకూడదు. స్పార్కు ముందుగా పడితే ఇంజను ఎదురు తంతుంది. అప్పుడు హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి. నాకంటే ముందు చేరిన కుర్రాడి మణికట్టు వంకర చూశాక ఆ మాట నాకు ఒంటబట్టింది.

2. ఇంజను తిరుగుతుంటే తలుపు మూయకు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టాక బస్సులకు బొగ్గు గ్యాసు ప్లాంట్లు బిగించారు. క్లీనరు చేత్తో బ్లోయరు తిప్పీ తిప్పీ బొగ్గు రాజేస్తే గ్యాసు పుట్టేది. పెట్రోలు మీద వచ్చే బలం దానికి రాదు. వంతెన ఎక్కాలంటే జనం దిగి తోసేవారట. ఆ గ్యాసులో మండేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, రంగూ వాసనా లేని విషం. మేస్త్రి గారికి ఆ పేరు తెలియదు. అయినా పాకకు మూడు వైపులా గోడే కట్టనివ్వలేదు. పెట్రోలు పొగలోనూ ఆ విషమే ఉంది. వాన జల్లు కొడుతోందని షట్టరు దించి ఇంజను ఆన్‌లో ఉంచే పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది.

3. విప్పే ముందు విను. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటే ఏ బేరింగ్ కొడుతోందో తెలుస్తుంది.

4. సామాను దొరకదని బండి వదిలేయకు. ఫోర్డు, జనరల్ మోటార్స్ 1950లలో మన దేశంలో బండ్లు బిగించడం మానేసి వెళ్ళిపోయాయి. వాటి బండ్లు మాత్రం మా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. బేరింగ్ పోతే మేస్త్రి గారు తెల్లలోహం కరిగించి పోసేవారు. షాఫ్టుకు నీలం రంగు పూసి, బేరింగ్‌లో ఒక్క చుట్టు తిప్పి విప్పేవారు. రంగు అంటిన చోట గీకుడు కత్తితో వెంట్రుక మందాన గీకేవారు. మళ్ళీ రంగు, మళ్ళీ చుట్టు. నీలం అన్నిచోట్లా సమంగా పరుచుకునేసరికి పొద్దు గూకేది. అంత ఓపికైన పని నేను మరెక్కడా చూడలేదు.

5. తప్పు మనదైతే ముందు మనమే చెప్పాలి. ఒకసారి ధాన్యం లారీకి చక్రం ఎక్కించి నట్లు చేత్తో తిప్పి, పానాతో బిగించడం మరిచాను. రెండు మైళ్ళు పోయాక చక్రం ఊగింది. డ్రైవరు చూసుకుని ఆపాడు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మేస్త్రి గారు సైకిలు మీద వెళ్ళి, తప్పు మా షెడ్డుదేనని యజమానికి చెప్పి, ఏడాది పాటు ఆ లారీ పనికి కూలి తీసుకోలేదు. నన్ను పనిలోంచి తీయలేదు. ఆనాటి నుంచి ఒకరు బిగించిన నట్లు ఇంకొకరు చూశాకే బండి కదిలేది.

6. పని రూపు మారుతుంది, మారనీ. 1958లో ఏపీఎస్ఆర్టీసీ వచ్చాక మా జిల్లా ప్రైవేటు బస్సుల రూట్లు ప్రభుత్వపరమయ్యాయి. షెడ్డులో సగం పని పోయింది. 1966లో బెజవాడలో ఆటోనగర్ మొదలయ్యాక మాతో పనిచేసిన కుర్రాళ్ళు అటు వెళ్ళారు. మేము అంబాసిడర్లు, ట్రాక్టర్లు, నీటి ఇంజన్లు పట్టుకుని నిలబడ్డాం.

7. ప్రతి బండికీ లెక్క రాసిపెట్టు. నంబరు, తేదీ, ఏం విప్పాం, ఏం వేశాం. మేస్త్రి గారు పెన్సిలుతో రాసిన మూడు పుస్తకాలు నా దగ్గరున్నాయి. పాక పోయింది, గొయ్యి పూడ్చేశారు. ఆ షెడ్డు చరిత్ర ఇప్పుడు గ్రీజు మరకల ఆ పేజీల్లోనే ఉంది. మీ ఊళ్ళోనూ ఇలాంటి పాత షెడ్డు ఉంటే, సామానంతా పాత ఇనుము కొనేవాడికి తూచే ముందు అలాంటి పుస్తకం ఉందేమో వెతకండి. అక్కడ పనిచేసిన ముసలి మెకానిక్ బతికుంటే, ఈ వారమే వెళ్ళి ఆయన చెప్పింది రాసుకోండి.