ఎదిగే వ్యాపారానికి ఎదిగే సర్వర్

మన ఊళ్లలో ఒక అంతస్తు ఇల్లు కట్టుకున్నవారు మేడమీద స్తంభాల నుంచి ఇనుప ఊచలు పైకి వదిలేస్తారు. పునాది మాత్రం ముందే రెండంతస్తులకు సరిపడా వేస్తారు. చేతిలో డబ్బు ఆడిన రోజున పైఅంతస్తు లేస్తుంది, కింది ఇల్లు కూల్చే పని ఉండదు. వ్యాపారానికి సర్వర్ కొనేటప్పుడు కూడా ఇదే ముందుచూపు కావాలి. మన సోదరుల్లో దుకాణాలు, గోదాములు, ఆసుపత్రులు, పాఠశాలలు నడిపేవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ విషయాన్ని పాఠంలా, మెట్టు మెట్టుగా చూద్దాం.

సర్వర్ ఎందుకు?

ఒక మందుల హోల్‌సేల్ దుకాణం ఉందనుకోండి. మొదట ఒక్క కంప్యూటరులో బిల్లులు, సరుకు నిల్వ, రావలసిన బాకీలు అన్నీ ఉంటాయి. బల్లలు ఐదైతే ఆ లెక్కలన్నీ ఒకచోట ఉండి, అందరికీ ఒకేసారి అందాలి. ఆ పని చేసే యంత్రమే సర్వర్. రాత్రింబవళ్లు ఆగకుండా నడవాలి కాబట్టి దాని డిస్కులు, మెమరీ, విద్యుత్తు అమరిక మామూలు కంప్యూటరు కంటే గట్టిగా ఉంటాయి. అది ఆగితే కౌంటర్ ఆగుతుంది. అందులోని లెక్క పోతే ఎవరు ఎంత ఇవ్వాలో చెప్పే సాక్ష్యమే పోతుంది.

రెండు పొరపాట్లు

కొందరు ఈ రోజుకు సరిపోతే చాలని, ఇంకేమీ చేర్చడానికి వీలులేని చౌక యంత్రం కొంటారు. రెండేళ్లలో వ్యాపారం పెరిగితే దాన్ని పక్కన పడేసి మళ్లీ మొత్తం కొనాలి. మరికొందరు పదేళ్ల తర్వాతి అవసరాన్ని ఊహించుకుని అప్పు చేసి పెద్ద యంత్రం తెస్తారు. దాని శక్తిలో ఎక్కువ భాగం ఖాళీగా కూర్చుంటుంది, వాయిదాలు మాత్రం నెలనెలా నడుస్తాయి. రెంటికీ మధ్య దారి ఒకటుంది. ఈ రోజుకు కావలసినంతే కొనాలి, రేపు చేర్చుకోవడానికి చోటు ఉన్నదాన్నే కొనాలి. ఇలా విడివిడి భాగాలుగా పెంచుకోగల అమరికనే మాడ్యులర్ అంటారు.

ఈ ఆలోచన కొత్తది కాదు

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అంతకుముందు చిన్న యంత్రం నుంచి పెద్దదానికి మారితే చాలాసార్లు ప్రోగ్రాములను తిరిగి రాసుకోవలసి వచ్చేది. ఈ కుటుంబంలో చిన్నదానికి రాసిన ప్రోగ్రాము పెద్దదానిలోనూ నడిచేలా రూపొందించారు. గూగుల్ మరో దారి చూపింది. 1999 ప్రాంతంలో అది ఖరీదైన పెద్ద యంత్రాలకు బదులు మామూలు మదర్‌బోర్డులను, కింద కార్క్ పలకలు పరచి, ర్యాకుల్లో వరుసగా పేర్చింది. ఒక బోర్డు చెడినా పని ఆగకుండా సాఫ్ట్‌వేర్‌ను రాసుకుంది. అవసరం పెరిగితే ఇంకో ర్యాకు చేర్చింది.

నిలువుగానా? అడ్డంగానా?

ఉన్న యంత్రానికే మెమరీ, డిస్కులు, రెండో ప్రాసెసర్ చేర్చడం నిలువు పెరుగుదల. పక్కన ఇంకో యంత్రం పెట్టి పని పంచడం అడ్డం పెరుగుదల. బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒకే యంత్రం మీద నడవడానికి రాసినవే. కాబట్టి చిన్న వ్యాపారానికి మొదట నిలువు దారి సులువు. అడ్డంగా పెరగాలంటే సాఫ్ట్‌వేర్ కూడా అందుకు ఒప్పుకోవాలి. ఆ మాట కొనకముందే సాఫ్ట్‌వేర్ ఇచ్చేవారిని అడగాలి.

లెక్క వేసి చూద్దాం

మెమరీ: ఎనిమిది స్లాట్ల యంత్రంలో 64 జీబీ కావాలి. ఎనిమిది 8 జీబీ ముక్కలు పెడితే స్లాట్లన్నీ నిండిపోతాయి. రేపు పెంచాలంటే ఉన్నవి తీసేయాలి. రెండు 32 జీబీ ముక్కలు పెడితే ఆరు ఖాళీగా ఉంటాయి. వేగం మొదట కొంత తగ్గవచ్చు, కానీ దారి మూసుకుపోదు.

ప్రాసెసర్: రెంటికి చోటున్న యంత్రంలో ఒక్కటే పెడితే, రెండోదానికి చెందిన మెమరీ స్లాట్లు అది వచ్చేదాకా పనిచేయవు. బయటకు కనిపించే ఖాళీ స్లాట్లన్నీ లెక్కలోకి రావని గమనించాలి.

డిస్కులు: 4 టీబీ డిస్కులు నాలుగింటిని రెయిడ్ 5 పద్ధతిలో పెడితే వాడుకోగల చోటు 12 టీబీ. ఒక డిస్కు చెడినా లెక్క పోదు. యంత్రం నడుస్తుండగానే డిస్కు మార్చగల అమరిక ఉంటే కౌంటర్ ఆపనక్కరలేదు. కానీ రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన ఖాతా అన్ని డిస్కుల్లోనూ చెరిగిపోతుంది. అందుకే రోజూ ఒక నకలు వేరే భవనంలో ఉండాలి.

విద్యుత్తు: రెండు పవర్ సప్లైలు పెట్టేది ఒకటి చెడితే రెండోది మొత్తం భారం మోయడానికే. భాగాలు చేర్చుకుంటూ పోయి వాడకం ఒక్కదాని శక్తిని మించితే ఆ రక్షణ మనకు తెలియకుండానే పోతుంది. 500 వాట్లు నిరంతరం వాడే సర్వర్ రోజుకు 12 యూనిట్లు, నెలకు 360 యూనిట్లు ఖర్చు చేస్తుంది. దాదాపు ఆ శక్తి అంతా వేడిగా గదిలోకే వస్తుంది కాబట్టి ఏసీ ఖర్చు వేరు. యూపీఎస్‌ను కూడా రేపటి భారం చూసే ఎంచుకోవాలి.

సంతకానికి ముందు అడగవలసినవి

ఖాళీగా ఉన్న స్లాట్లు, డిస్కు గదులు ఎన్ని? అవి నింపడానికి ఇంకేమైనా విడిభాగం కొనాలా? ఆ భాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? వేరే తయారీదారు డిస్కులను, మెమరీని ఈ యంత్రం అంగీకరిస్తుందా? చెడితే మన ఊరికి మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు? ప్రాసెసర్ పెంచితే సాఫ్ట్‌వేర్ లైసెన్సు రుసుము పెరుగుతుందా? ఈ ఆరింటికి జవాబులు నోటిమాటగా కాక కొటేషన్‌లో రాయించుకోండి. భాగాలు దొరకని రోజున ఖాళీ స్లాటు ఉండి ప్రయోజనం లేదు.

వ్యాపారం ఇంకా ఐదారుగురితోనే నడుస్తుంటే అద్దెకు దొరికే క్లౌడ్ సేవ చాలవచ్చు. నెల అద్దెను, సొంత యంత్రం ఐదేళ్ల ఖర్చును పక్కపక్కన వేసుకుని నిర్ణయించండి. సొంతదే కొనదలిస్తే, మేడమీద వదిలిన ఆ ఊచలను ఒక్కసారి గుర్తు చేసుకోండి. తుప్పు పట్టిన ఊచల మీద అంతస్తు నిలవదు. కాబట్టి ఖాళీ చోటు చూసినంత శ్రద్ధగా పునాదిని కూడా చూసుకోండి: మంచి పవర్ సప్లై, చల్లని గది, రోజూ తప్పని బ్యాకప్.