నవతార

వేసవి రాత్రి. రంగారెడ్డి జిల్లాలోని మోకిల గ్రామమున ఒక బాలుడు మిద్దెపై చాప పరచుకొని వెల్లకిల పండుకొనినాడనుకొనుడు. తూర్పున హైదరాబాదు నగరపు దీపకాంతి ఆకాశపు అంచును తెల్లబరచుచుండును. అయినను నడినెత్తిన చుక్కలు కొన్ని నిలిచియుండును. సప్తర్షి మండలపు తోక వంపును వెంబడించి చూపు సాగించినచో, పసుపు వన్నె గల స్వాతి నక్షత్రము కనబడును. ఆ బాలుని తాతయు, ముత్తాతయు చూచిన చుక్క అదియే. కార్తెలను లెక్కించి విత్తనములు చల్లిన మన పెద్దలు నక్షత్రములు ఎన్నటికిని మారవని తలచిరి.

కాని అప్పుడప్పుడు ఆకాశములో ఒక వింత జరుగుచుండును. నిన్నటివరకు కంటికి ఏమియు కనబడని చోట నేడొక చుక్క వెలుగును. కొన్ని దినములు ప్రకాశించి, క్రమముగా మసకబారి, మరల కనుమరుగగును. దీనిని పాశ్చాత్యులు ‘నోవా’ అనిరి. లాటిను భాషలో ఆ మాటకు ‘క్రొత్తది’ అని అర్థము. మనము నవతార యందుము. అయితే ఈ పేరు సరియైనది కాదు. అది క్రొత్తగా పుట్టిన నక్షత్రము కాదు. ఆయువు తీరిన ముసలి నక్షత్రము.

సూర్యునివంటి నక్షత్రము తనలోని ఇంధనమును వ్యయపరచుకొనిన పిమ్మట దాని పై పొరలు విడిపోవును. లోపలి భాగము కుంచించుకొని భూమియంత గోళముగా మిగులును. దానినే శ్వేత కుబ్జతార యందురు. పరిమాణమున భూమియంతయే యైనను బరువున సూర్యునితో పోల్చదగినది. దానిలోని పదార్థము ఒక చెంచాడు తెచ్చి ఇచ్చట తూచినచో టన్నుల లెక్క తూగును. ఇట్టి తార ఎంత బరువువరకు నిలువగలదో 1930లో ఇంగ్లండునకు ఓడపై పోవుచు గణించిన యువకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ మేర సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. ఆయనకు 1983లో నోబెల్ బహుమానము లభించినది.

ఒంటరిగా నున్న శ్వేత కుబ్జతార నిప్పు చల్లారిన కుంపటివలె మెల్లమెల్లగా చల్లబడిపోవును. కాని దానికి చేరువలో తోడుగా మరియొక నక్షత్రము తిరుగుచున్నచో కథ మారును. తోడి నక్షత్రమునుండి ఉదజని వాయువు దీనిపైకి జారి, పొరపై పొరగా పేరుకొనును. అడుగుపొర నలిగి వేడెక్కును. పొయ్యిమీది కుండలో ఎసరు మరిగినపుడు ఆవిరి మూతను లేపి కొంత బయటికి పోవును, కుండ పగులదు. శ్వేత కుబ్జతారపై నలిగిన వాయువునకు ఈ సౌకర్యము లేదు. వేడి పెరిగినను అది వెంటనే వ్యాకోచింపదు. వేడి వలన కేంద్రక చర్య హెచ్చును. ఆ చర్య వలన వేడి మరల హెచ్చును. తుదకు పైపొర యంతయు పేలి, సెకనుకు వందలనుండి వేల కిలోమీటర్ల వేగముతో వెలుపలికి ఎగయును. నక్షత్రము వెనుకటికంటె పదివేల రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ప్రకాశించును. అయినను లోపలి గోళము చెక్కుచెదరదు. మరల పొర పేరుకొనుట మొదలగును.

ఇంతవరకు శాస్త్రజ్ఞులు చాలకాలముగా ఎరిగినదే. ఎరుగనిది వేరొకటి యున్నది.

కాంతిలో మన కంటికి కనబడునది కొద్ది భాగమే. కనబడని కిరణములలో మిక్కిలి శక్తిమంతములు గామా కిరణములు. నవతారలో పుట్టు సోడియము-22 వంటి రేడియో ధార్మిక పదార్థములు కొంత శక్తి గల గామా కిరణములను వెలువరించునని 1970 ప్రాంతమునుండి గణించుచుండిరి. అంతకంటె వందల రెట్లు శక్తి గల కిరణములు దానినుండి వచ్చునని సాధారణముగా ఎవ్వరును ఎదురుచూడలేదు.

గామా కిరణములు మన వాతావరణమును దాటి నేలకు చేరలేవు. ఇది మనకు రక్షణయే; శాస్త్రజ్ఞునకు మాత్రము ఆటంకము. ఆ తెరను దాటుటకే హైదరాబాదులోని టాటా సంస్థ వారి బెలూను కేంద్రమునుండి పెద్ద బెలూనులను పైకి పంపుదురు. విశ్వమునుండి వచ్చు కిరణములను కొలుచు పరికరములు వానితో ముప్పది కిలోమీటర్లకు పైబడి పోయి, పారాషూటుతో పల్లెల పొలములలో దిగును. వానిని ముట్టవలదని రంగారెడ్డి, వికారాబాదు మున్నగు జిల్లాల ప్రజలకు ప్రకటనలు చేయుట కలదు. బెలూను కొన్ని గంటలే నిలుచును. ఆకాశమును ఎడతెగక కాచుకొనియుండుటకు ఉపగ్రహము కావలెను. 2008 జూన్ నెలలో అమెరికా దేశమువారు ‘ఫెర్మి’ యను గామా కిరణ దూరదర్శినిని అంతరిక్షమునకు పంపిరి.

2010 మార్చి నెలలో జపానుకు చెందిన ఇరువురు ఔత్సాహిక పరిశీలకులు హంస మండలములో ఒక నవతారను కనుగొనిరి. ఫెర్మి పత్రములను తిరుగవేయగా, ఆ చోటనే, ఆ దినములలోనే గామా కిరణములు వెలువడినట్లు తేలినది. ఆ తారకు తోడుగా దట్టమైన వాయువును విడుచు అరుణ మహాతార కలదు. కనుక ఇది అరుదైన సందర్భమని కొందరు భావించిరి. 2012లో మరియొక వింత జరిగినది. జూన్ నెలలో ఏకశృంగి మండలమునుండి గామా కిరణములు వచ్చినవి. అవి దేనివో తెలియలేదు. ఆ చోటు అప్పుడు సూర్యునికి చేరువగా నుండుటచే కంటికి చూపానలేదు. ఆగస్టులో సూర్యుడు ఎడముకాగానే అచ్చట నవతార బయటపడినది. దానికి అరుణ మహాతార తోడు లేదు. మరి రెండు నవతారలును అట్టివే యని తెలియగా, 2014 నాటికి సామాన్య నవతారలును గామా కిరణములను వెలువరించునని స్థిరపడినది.

ఆ శక్తి ఎట్లు కలిగినది? మొయినాబాదునకు చేరువనున్న గండిపేట జలాశయమును తలచుకొనుడు. తలుపులు కొంచెము తెరచినపుడు నీరు మెల్లగా పోవును. తరువాత పూర్తిగా తెరచినచో వెనుకటి వడినీరు ముందటి మందనీటిని తరిమి ఢీకొని అడ్డుగోడవలె లేచును. నవతారలోను మొదట దట్టమైన వాయువు నెమ్మదిగా వెలువడును. పిమ్మట వడిగల వాయువు వచ్చి దానిని తాకును. ఆ తాకుడు చోటును ఆఘాత తరంగ మందురు. దానికి ఇరువైపులను కణములు మాటిమాటికి ఎగిరిపడుచు, ఎదురుగా వచ్చు రెండు పలకల నడుమ చిక్కిన బంతివలె ప్రతిసారియు వేగము పుంజుకొనును. తుదకు ప్రోటానులు ఇతర కణములను ఢీకొనగా గామా కిరణములు పుట్టును.

2018లో వెలిగిన మరియొక నవతార ఈ ఊహను బలపరచినది. దాని గామా కిరణములును, కంటికి కనబడు వెలుగును ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గినవి. అనగా మనము చూచు వెలుగులో పెద్ద పాలు తార ఉపరితలమునుండి కాక ఆఘాత తరంగములనుండియే వచ్చినదన్నమాట. పుస్తకములలోని మాటను సవరింపవలసి వచ్చినది. శాస్త్రమునకు ఇది అవమానము కాదు. అదియే దాని గౌరవము.

2021 ఆగస్టు 8న సర్పధారి మండలములోని ఒక తార పేలినది. అది 1898 మొదలు పలుమార్లు పేలినట్టిదే. ఆఫ్రికాలోని నమీబియానుండి చూచినవారు దృశ్యకాంతికంటె పదివేల కోట్ల రెట్లకు మించిన శక్తి గల గామా కిరణములను దానియందు గుర్తించిరి. ఈ మహాశక్తి కిరణములు తక్కువ శక్తి గల వానికంటె రెండు దినములు ఆలస్యముగా తారస్థాయి నందుకొనినవి. కణములు వేగము కూడదీసికొనుటకు ఎంతకాలము పట్టునో మనుష్యుడు కన్నులార చూచినాడు. విశ్వమునుండి భూమిపై నిరంతరము కురియు విశ్వకిరణములకు అంత వేగము ఎట్లు వచ్చినదను ప్రశ్న నూరేండ్లనాటిది. మహా నక్షత్ర విస్ఫోటముల శేషములలో ఆ పని వందల ఏండ్లు సాగును. నవతార దానిని కొన్ని వారములలో చేసి చూపును. కనుకనే అది చిన్నదైనను గొప్ప పాఠశాల.

అంతటి శక్తి గల కిరణములను నేలపైనుండియు పట్టవచ్చును. అవి పై వాతావరణమును తాకినపుడు కణముల జల్లు పుట్టి, లిప్తపాటు నీలికాంతి మెరయును. ఆ మెరపును పట్టుటకు లదాఖులోని హన్లేలో, సముద్ర మట్టమునకు సుమారు 4,300 మీటర్ల ఎత్తున, ‘మేస్’ అను దూరదర్శినిని నెలకొల్పి 2024 అక్టోబరు 4న ప్రారంభించిరి. దాని అద్దపు వెడల్పు 21 మీటర్లు. భాభా అణు పరిశోధనా కేంద్రము కొరకు దానిని నిర్మించినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఆ సంస్థను 1967లో స్థాపించిన డాక్టర్ ఏ. ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించినవాడు. పల్లెటూరి బాలుడు తలపెట్టిన పని మంచుకొండలవరకు పోయినది!

బాలబాలికలారా! స్వాతికి తూర్పున అర్ధచంద్రాకారముగా చిన్నచుక్కల వరుస కలదు. అది ఉత్తర కిరీటము. అందలి ఒక తార 1866లోను, 1946లోను నవతారగా వెలిగినది. దాదాపు ఎనుబదియేండ్ల కొకమారు పేలు ఆ తారకొరకు 2024నుండి శాస్త్రజ్ఞులు కాచుకొనసాగిరి. అట్టి వెలుగును చూచుటకు యంత్రము అక్కరలేదు. చీకటి ఆకాశమును, చుక్కల పరిచయమును చాలును. హన్లే ప్రాంతమును 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. అచ్చటివారు తమ దీపములకు మరుగు పెట్టుకొందురు. మన ఊరి దీపముల వెలుగు నేలపై పడవలెను గాని నింగిపై పడనేల? అవసరము తీరిన దీపము నార్పి ఒక్క గడియ పైకి చూడుడు. నిన్న లేని చుక్కను గుర్తింపవలెనన్నచో, నిన్నటి చుక్కలను మొదట ఎరిగియుండవలెను.

ప్రశ్నలు

1. నవతార అను పేరు ఏల సరియైనది కాదు?
2. శ్వేత కుబ్జతారపై పేరుకొనిన వాయువు పేలుటకు కారణమేమి?
3. గండిపేట నీటి ఉపమానముతో ఆఘాత తరంగమును వివరింపుడు.
4. 2012లో కంటికి కనబడకముందే నవతార ఉనికి ఎట్లు తెలిసినది?
5. మీ ఊరి ఆకాశమున ఉత్తర కిరీటమును గుర్తించి, దాని చిత్రమును గీయుడు.