అమ్మకం – నమ్మకం

పాఠ్యభాగ ఉద్దేశం

సాంకేతిక రంగం అనగానే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు వ్రాసే ఇంజనీరు మనస్సులో మెదులుతాడు. ఆ ప్రోగ్రాములను బ్యాంకులకు, ఆసుపత్రులకు, కర్మాగారాలకు, ప్రభుత్వ శాఖలకు అమ్మే ఉద్యోగులు వేరుగా ఉన్నారు. వారి వృత్తి ఎట్లా పుట్టింది, ఎట్లా మారుతూ వచ్చింది, అందులోని అవకాశాలు, కష్టనష్టాలు ఏమిటి అన్న విషయాలను తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి' అనేది తెలుగునాట తరతరాలుగా వినిపించే సామెత. కొనేవానికి ధర మండుతుంది. అమ్మేవానికి పలకరించే దిక్కు ఉండదు. 1890వ దశకంలో అమెరికాలోని బఫెలో నగరంలో థామస్ వాట్సన్ అనే యువకుడు ఈ రెండవ కష్టాన్ని పూర్తిగా అనుభవించాడు. అంతకు ముందు అతడు బండి మీద పియానోలు, కుట్టు మిషన్లు పెట్టుకొని పల్లెపల్లెకూ తిరిగి అమ్మేవాడు. తరువాత నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరాడు. దుకాణంలో రోజువారీ రాబడిని లెక్కగట్టే యంత్రాలను అమ్మడం అతని పని. తొలి రోజులలో ఒక్క యంత్రం కూడా అమ్ముడుపోలేదు. శాఖాధికారి అతణ్ణి గట్టిగా మందలించాడు. అయితే అంతటితో ఊరుకోలేదు. స్వయంగా అతని వెంట దుకాణాలకు వెళ్ళి, అమ్మడం ఎట్లాగో చేసి చూపించాడు. కొద్దికాలంలోనే వాట్సన్ మేటి విక్రేతలలో ఒకడయ్యాడు. విక్రయం పుట్టుకతో వచ్చే మాటకారితనం కాదని, నేర్చుకుంటే వచ్చే విద్య అని ఈ సంఘటన తెలుపుతుంది.

ఆ కంపెనీని 1884లో డేటన్ నగరంలో స్థాపించిన జాన్ హెన్రీ పాటర్సన్ విక్రయాన్ని ఒక శాస్త్రంగా మలిచాడు. ప్రతి విక్రేతకు ఒక ప్రాంతాన్ని కేటాయించాడు. ఎవరెంత అమ్మాలో 'కోటా' నిర్ణయించాడు. శిక్షణ పాఠశాలను నెలకొల్పాడు. నేటికీ సాంకేతిక సంస్థల విక్రయ విభాగాలు ఈ పునాదుల మీదనే నడుస్తున్నాయి. అయితే ఆ విజయానికి ఒక చీకటి కోణం కూడా ఉంది. పోటీ కంపెనీలను అక్రమంగా అణచివేశారన్న అభియోగంపై 1913లో న్యాయస్థానం పాటర్సన్‌కు, వాట్సన్‌కు ఏడాది జైలు శిక్ష విధించింది. 1915లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేయడంతో శిక్ష అమలు కాలేదు.

1914లో వాట్సన్ మరొక కంపెనీ పగ్గాలు చేపట్టాడు. 1924లో ఆ కంపెనీయే 'ఐ.బి.ఎం.'గా పేరు మార్చుకుంది. అక్కడ విక్రేత యంత్రాన్ని అప్పగించి చేతులు దులుపుకొనేవాడు కాదు. కొనుగోలుదారు కార్యాలయంలో లెక్కలు ఎట్లా నడుస్తున్నాయో పరిశీలించి, తగిన యంత్రాన్ని సూచించేవాడు. 1969 వరకు ఐ.బి.ఎం. తన ప్రోగ్రాములకు వేరుగా ధర చెప్పేది కాదు. అవి యంత్రంతోపాటే వచ్చేవి. ఆ ఏడాది వాటికి విడిగా ధర నిర్ణయిస్తామని ప్రకటించింది. ఆ విధంగా కంటికి కనిపించని సాఫ్ట్‌వేర్ కూడా విడిగా అమ్ముడయ్యే సరుకుగా ఎదిగింది.

మరొక మార్పు 1999లో మొదలైంది. ఒరాకిల్ కంపెనీలో 13 సంవత్సరాలు పనిచేసిన మార్క్ బెనియాఫ్ మరి ముగ్గురితో కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో 'సేల్స్‌ఫోర్స్' సంస్థను స్థాపించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి పెద్ద మొత్తానికి అమ్మడానికి బదులు, ఇంటర్నెట్ ద్వారా అద్దె పద్ధతిలో అందించసాగాడు. ఇల్లు అమ్మినవానికి తిరిగి ఆ ఇంటితో పని లేదు. ఇల్లు అద్దెకిచ్చినవాడు మాత్రం కప్పు కారితే బాగు చేయించాలి; లేకపోతే అద్దెకున్నవాడు ఖాళీ చేస్తాడు. అట్లాగే ఈ పద్ధతిలో ఒప్పందం కుదిరిన నాటినుండే అసలు పని మొదలవుతుంది.

పెద్ద సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మడం అంగడిలో వస్తువు అమ్మడం వంటిది కాదు. ఒక బ్యాంకునే తీసుకుందాం. ఖాతాలన్నింటినీ ఒక్క చోట నిర్వహించే వ్యవస్థ దానికి కావాలి. రోజూ వాడవలసిన శాఖల సిబ్బందికి అది సులువుగా ఉండాలి. సాంకేతిక విభాగం దాని భద్రతను పరీక్షిస్తుంది. ఆర్థిక విభాగం ధర బేరమాడుతుంది. న్యాయ నిపుణులు ఒప్పందంలోని ప్రతి పంక్తినీ పరిశీలిస్తారు. వీరిలో ఏ ఒక్కరు కాదన్నా బేరం ఆగిపోవచ్చు. కాబట్టి ఒక్క ఒప్పందానికి నెలలు, ఒక్కొక్కసారి ఏడాదికి పైగా పడుతుంది.

ఇంత పని ఒక్కరివల్ల కాదు కనుక విక్రయ విభాగంలో పని విభజన ఏర్పడింది. కొనే అవకాశమున్న సంస్థలను వెదకి తొలి పరిచయం చేసుకొనే ఉద్యోగిని 'సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్' అంటారు. ఇది చాలామందికి మొదటి మెట్టు. బేరాన్ని చివరివరకు నడిపేవాడు 'అకౌంట్ ఎగ్జిక్యూటివ్'. సాంకేతిక సందేహాలు తీర్చి, ఉత్పత్తి పనిచేసే తీరును చూపే ఇంజనీర్లది 'ప్రీసేల్స్' విభాగం. కొన్న తరువాత ప్రయోజనం అందుతున్నదో లేదో చూసే బాధ్యత 'కస్టమర్ సక్సెస్ మేనేజర్'ది. అనుభవం గడించినవారు విక్రయ బృందాలకు అధిపతులు కావచ్చు. ప్రీసేల్స్ పనికి సాంకేతిక విద్య అవసరం. తక్కిన వాటిలో వాణిజ్య, ఆర్థిక, భాషా శాస్త్రాలు చదివినవారికి కూడా చోటు ఉంది.

ఈ వృత్తికి వాక్చాతుర్యమే ప్రధానమని చాలామంది భావిస్తారు. నీల్ రాక్‌హామ్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి సుమారు 35,000 విక్రయ సంభాషణలను పరిశీలించి, 1988లో ఒక గ్రంథం ప్రచురించాడు. పెద్ద బేరాలలో విజయం సాధించేవారు వర్ణనలకన్నా ప్రశ్నల మీద ఎక్కువగా ఆధారపడతారని అతడు నిరూపించాడు. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అంటారు పెద్దలు. ఈ వృత్తిలో నోటితోపాటు చెవి కూడా మంచిదై ఉండాలి.

భారతదేశంలో ఈ వృత్తికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. 1978లో ఐ.బి.ఎం. మన దేశంనుండి వైదొలగింది. ఆ దశకంలో, ఆ తరువాత హెచ్.సి.ఎల్., విప్రో వంటి స్వదేశీ కంపెనీలు కంప్యూటర్లు తయారుచేసి అమ్మసాగాయి. ఆ పనిలో ఒక తరం విక్రేతలు తయారయ్యారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సాంకేతిక సంస్థలు ఆ ప్రాంతంలో విస్తరించాయి. 2010లో చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ సంస్థ విదేశీ కొనుగోలుదారులకు తన ఉత్పత్తులను అమ్ముతూ ఎదిగి, 2021లో అమెరికాలోని నాస్‌డాక్ విపణిలో నమోదైంది. ఇక్కడ కూర్చునే ఫోనులో, వీడియోలో విదేశీయులతో బేరం కుదుర్చుకొనే ఉద్యోగాలు నేడు మన నగరాలలో ఉన్నాయి.

అయితే ఈ రంగంలో ఉద్యోగాలు ఆటుపోట్ల వంటివి. కొవిడ్ కాలంలో సాంకేతిక సంస్థలు విరివిగా నియామకాలు చేపట్టాయి. 2023 జనవరిలో సేల్స్‌ఫోర్స్ తన ఉద్యోగులలో దాదాపు పదోవంతు మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. మితిమీరి నియమించుకున్నామని బెనియాఫ్ అంగీకరించాడు. అదే సంస్థ 2024 డిసెంబరులో కృత్రిమ మేధ ఉత్పత్తులను అమ్మడానికి 2,000 మందిని తీసుకుంటామని చెప్పింది. మనుషుల పని తగ్గించే యంత్రాన్ని అమ్మడానికి కూడా మనుషులే కావలసి వచ్చారు. మరోవైపు చిరునామాలు వెదకడం, తొలి ఉత్తరాలు వ్రాయడం వంటి పనులను కృత్రిమ మేధ చేయగలుగుతున్నది. అందువల్ల మొదటి మెట్టు మీద అడుగుపెట్టేవారు కేవలం ఫోను చేయడమే కాక, కొనుగోలుదారు వ్యాపారాన్ని అర్థం చేసుకొనే శక్తిని సంపాదించుకోవాలి.

జీతం విషయంలోనూ మెలకువ అవసరం. అకౌంట్ ఎగ్జిక్యూటివ్ ఆదాయంలో కొంత భాగమే స్థిరం. తక్కినది కోటా పూర్తిచేస్తేనే చేతికి వస్తుంది. ఒక ఏడాది పంట పండినట్లు కనిపించిన చేను మరుసటి ఏడాది ఎండిపోవచ్చు. కోటా ఒత్తిడికి లొంగి లేని గుణాలను ఉన్నట్లు చెప్పే ప్రమాదం కూడా ఉంది. 1990లో ఒరాకిల్‌లో భవిష్యత్తులో రావలసిన అమ్మకాలను ముందుగానే లెక్కలో చూపిన వ్యవహారం బయటపడింది. సంస్థ నష్టాల పాలై ఉద్యోగులలో దాదాపు పదోవంతు మందిని తొలగించింది. కొందరి తొందరపాటుకు ఎందరో ఫలితం అనుభవించారు.

'వ్యాపారం ద్రోహచింతన' అనే నానుడి మన సమాజంలో ఉంది. ఏటేటా ఒప్పందాన్ని కొనసాగించవలసిన వృత్తిలో ద్రోహానికి ఆయుష్షు తక్కువ. అబద్ధం చెప్పి మొదటి ఏడాది అమ్మవచ్చు; రెండవ ఏడాది కొనుగోలుదారు తిరిగి చూడడు. ఈ ఉత్పత్తి మీకు పనికిరాదని చెప్పగలిగిన విక్రేత ఆ రోజు ఒక బేరాన్ని పోగొట్టుకుంటాడు. ఒక మనిషి విశ్వాసాన్ని సంపాదించుకుంటాడు. కోటా ఏడాదితో ముగుస్తుంది. మాట మీది నమ్మకం వృత్తి ఉన్నంతకాలం వెంట నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

విక్రేత = అమ్మేవాడు
అభియోగం = నేరారోపణ
విపణి = అంగడి, మార్కెట్టు
వాక్చాతుర్యం = మాట నేర్పు
నానుడి = లోకంలో వాడుకలో ఉన్న మాట

ప్రశ్నలు

1. విక్రయం నేర్చుకుంటే వచ్చే విద్య అని వాట్సన్ జీవితం ఎట్లా నిరూపిస్తున్నది?
2. అద్దె పద్ధతి వల్ల విక్రేత బాధ్యతలో వచ్చిన మార్పును వివరించండి.
3. ఈ వృత్తిలోని అవకాశాలను, కష్టనష్టాలను తెలుపుతూ వ్యాసం వ్రాయండి.